నా బోసినవ్వుకి పళ్ళొచ్చాయి!

"అమ్మా, నువ్వు నవ్వుతున్నావ్ చూడు!" అంటూ మొన్న ఆదివారం ఇంటర్ చదివే మా అమ్మాయి సెల్‌ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. చేతులు తుడుచుకుని చూద్దును కదా, ఆర్నెల్ల నేను! 1987లో తెనాలిలో స్టూడియోకి తీసుకెళ్ళి తీయించిన నలుపు తెలుపు ఫొటో. ఇన్నేళ్ళూ బీరువాలో కదలకుండా పడున్న ఆ పాప ఇప్పుడు కళ్ళు ఆర్పుతోంది, చేతులూపుతోంది, పైగా రంగుల్లో! నిజం చెప్పొద్దూ, ఒళ్ళు జలదరించింది.

ఇదంతా ఏఐ చలవట. 2021 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌కి చెందిన మైహెరిటేజ్ కంపెనీ 'డీప్ నోస్టాల్జియా' పేరుతో పాత ఫొటోలకి ప్రాణం పోసినప్పుడు లోకమంతా వింతగా చూసింది. అందులో, ముందే వేరే మనుషులతో తీసిపెట్టుకున్న కదలికల్ని మన ఫొటోలోని ముఖానికి తగిలిస్తారు. ముఖం మనది, నవ్వు ఇంకెవరిదో! 2025 జూలైకల్లా గూగుల్ వారి జెమినీలో ఫొటో ఎక్కించి, ఏం జరగాలో నాలుగు మాటలు రాస్తే శబ్దంతో సహా ఎనిమిది సెకన్ల వీడియో తయారయ్యే దాకా వచ్చింది. బోలెడన్ని వీడియోల నుంచి నేర్చుకున్న యంత్రం, తర్వాత ఏం జరగొచ్చో ఊహించి బొమ్మలు కట్టేస్తుంది. ఫొటోలో లేనిది దానికి తెలియదు. తెలియదని ఊరుకోదు, కల్పిస్తుంది. (కథలు రాసే మా బుద్ధే దానికీ వచ్చినట్టుంది.)

సాయంత్రం అమ్మకి చూపించాం. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది. "పళ్ళెక్కడివే? నీకు పదో నెల దాకా పన్నే రాలేదు" అంది. నిజమే, నోరు తెరిస్తే ముత్యాల్లాంటి పలువరుస! బుగ్గన దిష్టిచుక్క తల తిప్పేసరికి మాయం. "అయినా నువ్వెక్కడ నవ్వావ్? గుక్కపెట్టి ఏడుస్తుంటే ఫొటోగ్రాఫరు గిలక్కాయ ఆడించాడు. దానికేసి చూస్తున్నావంతే" అంది. అందరం నవ్వాం. అమ్మ మాత్రం మూడోసారి చూసి, "చెయ్యేదీ?" అంది.

ఏ చెయ్యి? అసలు ఫొటో తీసి చూశాం. పాప నడుం దగ్గర, వెనక తెర చాటు నుంచి నాలుగు వేళ్ళు, ఒక గాజు. కూర్చోవడం సరిగ్గా రాని పిల్లని పడిపోకుండా పట్టుకున్న చెయ్యి. మా అమ్మమ్మది! నేనిన్నాళ్ళూ దాన్ని గౌను మడత అనుకున్నాను. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ ఎప్పుడూ ఒప్పుకునేది కాదట. నాకు రెండేళ్ళు నిండకుండానే పోయింది. ఇంకో ఫొటో లేదు. ఆ నాలుగు వేళ్ళే. యంత్రానికి అవేమిటో అర్థం కాలేదు కాబోలు, పాప ముందుకి వంగగానే గౌనులో కలిపేసింది.

మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. తీసేస్తానంది. "ఉండనీవే, ముచ్చటగానే ఉంది. రేపు నీ పిల్లలు ఇదే అసలుదనుకుంటారేమోనని, అంతే" అంది అమ్మ.

ఈ సరదా వద్దని నేననను. కాకపోతే ముందు అసలు ఫొటోని స్కాన్ చేయించి విడిగా దాచండి. వీడియో పదిమందికీ పంపేటప్పుడు 'ఇది ఏఐతో చేసింది' అని ఒక ముక్క రాయండి. గూగుల్ తన వీడియోల్లో కంటికి కనపడని గుర్తు వేస్తుంది గానీ, అది మన పిన్నిగారికి కనపడదుగా! ఇప్పటి పసివాళ్ళ ఫొటోలతో మరీ జాగ్రత్త. నీళ్ళు పోస్తున్నప్పటివీ, ఒంటిమీద బట్టల్లేనివీ ఎక్కించనే వద్దు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. అనుమతిచ్చేది మనమే కనక, ఊరూ పేరూ తెలియని యాప్ అడగ్గానే సరే అని నొక్కేస్తే ఆ చట్టం మాత్రం ఏం చేస్తుంది?

మర్నాడు పొద్దున్నే అమ్మ ఆ ఫొటో తెచ్చి, వెనకాల వివరాలు రాయమంది. బాల్‌పెన్ను తీస్తుంటే, "నొక్కితే ముందువైపు గీతలు పడతాయి, పెన్సిలు తీసుకో" అని వారించింది. నా పేరు మొదలుపెట్టబోతే ఆపింది. ముందు ఆ చెయ్యి ఎవరిదో రాయించి, నా పేరు దాని కింద రాయించింది.