విత్తనివాళ్ళు లేని వరి

పిల్లలూ! భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ములకలపల్లి చుట్టుపక్కల అడవి పల్లెల్లో వానలు పడగానే పల్లం ఉన్నచోటల్లా నీళ్ళు నిలుస్తాయి. అలాంటి గుంటల్లో, చెరువుల అంచుల్లో అచ్చం వరిలాంటి మొక్క కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఎవరూ విత్తనం చల్లరు, నారు పోయరు. దాని పేరు నివ్వరి, అంటే అడవి వరి.

గడ్డి కుటుంబంలో ఇది వరికి దగ్గరి చుట్టం. దీన్ని పోల్చుకోవడం ఎలా? ఒక్కొక్క గింజ కొసన 4 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు ముల్లు ఉంటుంది. పొట్టు తీస్తే ఎర్రని బియ్యం. చాలా గడ్డిజాతుల పువ్వుల్లో కేసరాలు మూడే. నివ్వరి పువ్వులో మాత్రం, వరి పువ్వులో లాగే, ఆరుంటాయి.

పండిన వెన్నును ముట్టుకుంటే గింజలు జలజల రాలిపోతాయి. పంట వరి అలా రాలదు. ఎందుకంటే మనిషి తరతరాలుగా రాలని వెన్నులనే ఏరి విత్తనం కట్టాడు. నివ్వరికి తన విత్తనం తానే చల్లుకోక తప్పదు. అది ఏకవార్షికం. గుంట ఎండేలోగా మొలిచి, పూచి, గింజపట్టి చనిపోతుంది. రాలిన గింజలు ఎండాకాలమంతా నెర్రెలిచ్చిన మట్టిలో నిద్రపోయి, మళ్ళీ తొలకరికి లేస్తాయి. నీళ్ళు ఎండని లోతైన మడుగుల్లో దీని అన్నగారైన మరో అడవి వరి ఏళ్ళ తరబడి బతుకుతుంది.

నివ్వరి మన దక్కను పీఠభూమిలోనే కాదు, ఉత్తర భారతం, నేపాల్, శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్, కంబోడియాలలోనూ పెరుగుతుంది. సంస్కృతంలో మునులు తినే ధాన్యానికి నీవారమని పేరు. 1965లో శర్మ, శాస్త్రి అనే మన శాస్త్రజ్ఞులు ఆ పేరుతోనే దీన్ని ‘ఒరైజా నివారా’ అన్నారు. హైదరాబాదులో అదే ఏడాది మొదలైన అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకానికి తొలి సారథి ఈ శాస్త్రిగారే.

కలుపు మొక్కకు ఇంత గౌరవం ఎందుకంటారా? వినండి. 1970ల్లో ఆసియా దేశాల వరిచేలకు ఒక వైరస్ తెగులు పట్టుకుంది. సుడిదోమ దాన్ని మోసుకొచ్చేది. పైరు గిడసబారి, గడ్డి దుబ్బులా మిగిలేది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు ఆరువేలకు పైగా రకాలను పరీక్షించారు. గట్టిగా తట్టుకున్నది ఒక్కటే! ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి అది. దాన్ని పంట వరితో సంకరం చేసి, ఆ శక్తిని కొత్త రకాల్లోకి తెచ్చారు. వాటిలో ఒకటైన ఐ.ఆర్. 36ను 1976లో విడుదల చేశారు. 1980ల్లో అది ఆసియాలో కోటీ పది లక్షల హెక్టార్లలో పండింది.

ఆ ఒక్క నివ్వరి పెరిగిన గుంటను ఎవరైనా ముందే పూడ్చేసి ఉంటే? ఆలోచించండి. రేపు రాబోయే తెగులుకు మందు ఏ గుంటలో ఉందో ఎవరికి తెలుసు?

నివ్వరి పొలంలో మొలిస్తే రైతు పీకేస్తాడు, అది న్యాయమే. కాని ఈ వానాకాలం మీ ఊరి గుంటలో కనిపిస్తే ముల్లు కొలవండి, కేసరాలు లెక్కపెట్టండి. గింజలను మాత్రం అక్కడే రాలనివ్వండి.