మీకు తెలుసా? పాత ప్రొపెల్లర్ పుట్టుక దాని ముద్రల్లోనే!

మొదటి ప్రపంచ యుద్ధం (1914–18) నాటి విమాన ప్రొపెల్లర్లు చెక్కవే. పలకలను జిగురుతో అతికించి చెక్కేవారు. అవి ఎక్కడివో, ఎప్పటివో వాటి నడిమి భాగంలో కొట్టిన ముద్రలే చెబుతాయి.

• ‘డి’ అంటే వ్యాసం. పిచ్‌ను, అంటే ఒక్క చుట్టుకు లెక్కప్రకారం ముందుకు సాగే దూరాన్ని, బ్రిటిష్‌వారు ‘పి’ అనీ, జర్మన్లు ‘ఎస్‌టీ’ అనీ గుర్తించేవారు.

• కొలతలు సెంటీమీటర్లలో, అశ్వశక్తి ‘పీఎస్’లో ఉంటే జర్మనీది కావచ్చు.

• ‘గరుడ’ ముద్ర కనిపిస్తే మనదనుకోకండి. ఆ కంపెనీ బెర్లిన్‌ది!

• ముద్రలో ఇంజిన్ పేరుంటే, ఆ ఇంజిన్ వాడిన కాలాన్నిబట్టి వయసు అంచనా వేయొచ్చు.

• మెరుపు కోసం గరుకు కాగితంతో రుద్దితే ఈ ఆధారాలే చెరిగిపోతాయి.