పేరు తెలియని ఎర్ర గులాబి

కృష్ణా డెల్టా పల్లెలలోని పాత పెంకుటిండ్లకు పెరడు ఒక అలంకారం. నూతి గట్టు నుండి పారిన నీటి తడిలో అరటి బోదెలు, కరివేపాకు చెట్టు, మందార. కొంచెం ఎడంగా, ఎండ తగిలే చోట, ముళ్ళ కొమ్మలతో ఒక గులాబి. దానిని నాటిన వారెవరో ఇంటివారికి తెలుసు. అత్తగారు తెచ్చిందో, కాపురానికి వచ్చిన కోడలు పుట్టింటి నుండి కొమ్మగా పట్టుకొని వచ్చిందో చెప్పగలరు. పేరు మాత్రం చెప్పలేరు. అడిగితే ‘ఎర్ర గులాబి’ అంటారు. మరీ అడిగితే ‘వాసన గులాబి’ అంటారు. ఇరుగుపొరుగులు కొమ్మను అడిగి పుచ్చుకొన్నారే గాని, పేరు అడిగినవారు అరుదు.

పేరుతో పనేమి అనుకోవచ్చును. 2024 సెప్టెంబరు తొలి దినాలలో బుడమేరు పొంగి, విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు రోజుల తరబడి నీటిలో నిలిచాయి. గులాబికి నీరు కావాలి గాని నిలిచిన నీరు పనికిరాదు. మట్టిలోని గాలి సందులన్నీ నీటితో నిండిపోతే వేళ్ళకు ప్రాణవాయువు అందదు. కొద్ది దినాలలోనే అవి కుళ్ళిపోతాయి. ఇల్లు మునిగినవారి కష్టం ముందు ఒక పూలమొక్క ఏపాటిదని అనిపించవచ్చు. కాని పోయిన బీరువాను మళ్ళీ కొనుక్కోవచ్చును. పేరు తెలియని మొక్కను ఏమని అడిగి తెచ్చుకోవడం? వరదలు రాని చోట కూడా, పెరళ్ళు పోయి అంతస్తుల మేడలు లేచిన కొద్దీ ఇదే ప్రశ్న ఎదురవుతున్నది.

చలిదేశాలలో ఈ చిక్కు మరొక రూపంలో కనబడుతుంది. అక్కడ గులాబి మొక్కలను చాలావరకు వేరొక మొండి జాతి వేరుపై కన్ను కట్టి పెంచుతారు. మంచు కాలంలో పైభాగం చచ్చిపోతే, వసంతంలో అడుగున ఉన్న వేరు తన సొంత చిగురు వేస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం కొత్తగా కొన్న ఇంటి తోటలో హఠాత్తుగా ముదురు ఎర్ర పూలు విరగబూస్తే, అది చాలాసార్లు ‘డాక్టర్ హ్యూయీ’ అనే వేరుజాతి గులాబియే. దానికి ఏడాదికి ఒక్కటే పెద్ద పూత, వాసన స్వల్పం. కనుక మంచి పరిమళం ఉన్నదంటే డాక్టర్ హ్యూయీని పక్కకు పెట్టవచ్చును. ఒక పేరును నిర్ణయించడం కంటె, కాని పేర్లను ఒక్కొక్కటిగా తొలగించుకొంటూ రావడం సులభమని తోటమాలికి ఇది నేర్పుతుంది.

అదే పద్ధతి కృష్ణాతీరంలోనూ పనికివస్తుంది. మొదట తొలగవలసినది పన్నీరు గులాబి. పారశీకంలో ‘గుల్’ అంటే పూవు, ‘ఆబ్’ అంటే నీరు. అంటే పన్నీటి పేరే చివరకు పూవుకు పేరయింది. పెండ్లి పందిట్లో పన్నీటి బుడ్డితో చల్లే ఆ సువాసన మనకు తెలిసినదే. కాని ఆ పూవు గులాబి రంగుదే, ఎరుపు కాదు. మనవారు ‘ఎడ్వర్డ్ గులాబి’ అని పిలిచే మొక్క కూడా ముదురు గులాబి రంగుదే. ఆంగ్ల ప్రభువు పేరువలె వినిపించినా, అది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపపు ఫ్రెంచి పేరు ‘ఎదువార్’. ఈ రెండూ తొలగితే అసలైన ఎరుపులు మిగులుతాయి.

ఆ ఎరుపులలో ముందుగా పరిశీలించవలసినది ‘గ్రూస్ ఆన్ టెప్లిట్జ్’. ‘టెప్లిట్జ్‌కు నమస్కారం’ అని దాని అర్థం. రుడాల్ఫ్ గెష్విండ్ అనే అటవీ ఉద్యోగి సృష్టించిన ఈ గులాబి 1897లో లోకానికి వచ్చింది. టెప్లిట్జ్ నేడు చెక్ దేశంలోని టెప్లిట్సె పట్టణం. చలికి తట్టుకొనే గులాబీల కోసం జీవితమంతా పాటుపడిన వాని చేతి మొక్క వేడిదేశాలలో స్థిరపడడమే విచిత్రం. మన దేశంలో కంచెగాను, విడిపూలకోసమును దీనిని పెంచారు. పాకిస్తానులో దీనిని ‘సుర్ఖా’ అంటారు. గుర్తులు స్పష్టమైనవి: పూలు గుత్తులుగా పూస్తాయి; తొడిమ బలహీనం గనుక పూవు తల వంచుతుంది; లేత చిగురు రాగి ఎరుపు; వాసనలో ఒక మసాలా ఘాటు ఉంటుంది.

ఈ ఎరుపుకు వెనుక మరొక కథ ఉన్నది. ఐరోపా పాత గులాబీలలో అధిక భాగం ఏడాదికి ఒక్కసారే పూసేవి; వాటి ఎరుపులో ఊదాఛాయ కలిసి ఉండేది. పద్దెనిమిదవ శతాబ్ది చివర చైనా నుండి కలకత్తా మీదుగా, ఈస్టిండియా కంపెనీ నౌకలో, ఒక చిన్న కెంపు గులాబి ఇంగ్లండు చేరింది. ఏడాది పొడవునా పూయడం, నిజమైన ఎరుపు, ఈ రెండు గుణాలూ తరువాతి గులాబీలకు సంక్రమించినవి ప్రధానంగా అటువంటి చైనా జాతులవల్లనే. విజయవాడ పెరటిలో కార్తికంలోనూ చైత్రంలోనూ పూసే ఎర్ర గులాబి ఏ దేశంలో పుట్టినా, దాని రక్తంలో తూర్పుదేశపు పాలు ఉన్నదన్నమాట.

మొక్క గుత్తులుగా కాక, పొడుగు కాడపై ఒంటి మొగ్గగా పూస్తే విచారణ వేరు దారి పడుతుంది. 1935లో జర్మనీలో కోర్డెస్ ఇచ్చిన ‘క్రిమ్సన్ గ్లోరీ’ మఖమలు వంటి రేకులకు, గాఢమైన వాసనకు పేరుపొందింది. దాని మెడ కూడా వాలుతుంది. తరువాత వచ్చిన ‘పాపా మెయ్యాఁ’ (1963), ‘మిస్టర్ లింకన్’ (1964), ‘ఒక్లహోమా’ (1964) తోటమాలిని నిజంగా తికమకపెడతాయి. ఫ్రాన్సులో ఒకటి, అమెరికాలో రెండు పుట్టినా, మూడింటికీ తల్లిదండ్రులు ఒక్కరే: ‘క్రైస్లర్ ఇంపీరియల్’, ‘షార్ల్ మల్లెరాఁ’. ఒక కడుపున పుట్టిన వాటిని వేరుచేయడమంటే చూపు నిలపాలి. లింకన్ ఎత్తుగా, నిటారుగా పెరుగుతుంది. ఒక్లహోమా పూవు ఉండకట్టి బరువుగా వాలుతుంది. పాపా మెయ్యాఁ మొగ్గ నలుపుకు దగ్గర; ఆకులకు బూడిద తెగులు సుళువుగా అంటుతుంది.

వాసనను ఊహగా కొట్టివేయరాదు. 2015లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరిమళమున్న పాపా మెయ్యాఁను, వాసన తక్కువైన మరొక ఎర్ర గులాబితో పోల్చి చూశారు. జిరానియాల్ వంటి సువాసన ద్రవ్యాలు పుట్టడానికి ఎన్‌యుడిఎక్స్1 అనే ఎంజైము కారణమని, వాసన లేని పూవులో ఆ జన్యువు దాదాపు నిద్రాణంగా ఉంటుందని తేల్చారు. కనుక వాసన పూవు వంశలక్షణమే. అయితే దానిని చూడవలసిన వేళ ఉదయం; మధ్యాహ్నపు ఎండలో ఆ నూనెలు ఎగిరిపోతాయి.

కృష్ణా డెల్టాలో కాలమే పెద్ద మోసం చేస్తుంది. మే మాసపు ఎండలో పూవు చిన్నదవుతుంది, రేకులు తగ్గుతాయి, ముదురు ఎరుపు రేకుల అంచులు మాడి ఊదాకు తిరుగుతాయి. అప్పుడు చూసినవారు ఒక పేరు చెబుతారు. మార్గశిర పుష్యమాసాలలో అదే కొమ్మపై నిండుగా విచ్చిన పూవును చూసినవారు మరొక పేరు చెబుతారు. ఒక్క ఛాయాచిత్రం చూసి తీర్పు చెప్పరాదు. రెండు మూడు ఋతువులలో మొగ్గ, విచ్చిన పూవు, వాడిన పూవు, ముళ్ళు, చిగురు, ఆకు రెబ్బలు, రేకుల సంఖ్య వ్రాసి ఉంచుకోవాలి. పూవు ఏ కొమ్మ నుండి వచ్చిందో, ఆ కొమ్మ కట్టు పైనుండి లేచిందో, అడుగు వేరునుండి లేచిందో చూడాలి.

డి.ఎన్.ఏ. పరీక్ష రెండు మొక్కలు ఒకటేనా అని చెప్పగలదు. కాని పోల్చడానికి పేరు నిశ్చయమైన మొక్క ఒకటి ఉండాలి. ఛండీగఢ్‌లో 1967లో ఏర్పడిన జాకీర్ హుస్సేన్ తోట, 1995లో వెలసిన ఊటీ గులాబి తోట వంటివాటికి విలువ ఇందువల్లనే. అంతా చేసినా పేరు తేలకపోవచ్చును. బెర్ముడా దీవిలో అటువంటి మొక్కలను ‘మర్మ గులాబీలు’ అని, దొరికిన చోటి పేరుతోనో, పెంచిన ఇంటి పేరుతోనో పిలుస్తూ కాపాడుకొంటున్నారు. అసలు పేరు దొరికేవరకు ఆ పేరు చాలు.

మరొక దారి కూడా కలదు. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఉద్యోగాన్ని స్వచ్ఛందంగా విరమించి, కొడైకెనాల్‌లో గులాబీల సంకరంలో నిమగ్నులయ్యారు. చలిదేశాల కోసం పుట్టిన గులాబీలు వేడినేలలో బాధపడతాయని, మన దేశపు అడవి గులాబీల రక్తం కలిపి వేడిని తట్టుకొనే వాటిని సృష్టించాలని వారి ప్రయత్నం. అటువంటి పనికి, ఒక నూతి గట్టున డెబ్బది వేసవులు దాటిన పేరులేని గులాబి కూడా సాక్ష్యమే. ఈ ఎండకు, ఈ నల్లరేగడికి ఏది నిలిచిందో అది చెబుతుంది.

పేరు వెదకడం నిదానంగా సాగవచ్చును. మొక్కను నిలుపుకోవడం మాత్రం వాయిదా వేయరాదు. కార్తికం దాటి చలి మొదలైనప్పుడు, పూసి వాడిన పెన్సిలు మందపు కొమ్మను నాలుగు కణుపులతో కోసి, అడుగు ఆకులు తీసి, రెండు కణుపులు ఇసుక కలిపిన మట్టిలోకి దించి నీడలో ఉంచితే చాలు. వేరు పట్టిన మొక్కను మెరక మీది మరొక ఇంటికి ఇవ్వాలి. ఎవరి పెరటి నుండి వచ్చిందో ఒక చీటీ మీద వ్రాసి ఇవ్వాలి. మళ్ళీ వరద వస్తే, ఒక పెరటిలో పోయినది ఇంకొక పెరటిలో దొరుకుతుంది.