చట్టం చెరిపిన మచ్చ

2019 ఫిబ్రవరిలో పార్లమెంటు అయిదు వ్యక్తిగత చట్టాలను సవరించి, కుష్ఠువ్యాధి ఇక విడాకులకు కారణం కానేరదని శాసించింది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లోనే రద్దయింది. ఆలస్యమైనా న్యాయమే జరిగిందని సంతోషించాను.

అయితే విజ్ఞానశాస్త్రం ఇప్పుడు మరొక మాట చెబుతున్నది. నూటికి తొంభై అయిదుగురు ఈ క్రిమిని సహజంగానే తట్టుకోగలరు. తక్కినవారి బలహీనతలో రోగనిరోధక జన్యువులకూ పాత్ర ఉన్నది. క్రిమి శకలాలను రక్షక కణాలకు పట్టి చూపే హెచ్.ఎల్.ఎ. జన్యువులలో డి.ఆర్.-2 రకం గలవారికి ప్రమాదం హెచ్చని ఢిల్లీలోని అఖిల భారత వైద్య శాస్త్రాల సంస్థ పరిశోధకులు గుర్తించారు. 2009లో చైనాలో జరిగిన పరిశోధన నాడ్-2 వంటి మరికొన్ని జన్యువులను వెలికితీసింది.

‘ఆ వంశంలోనే ఉన్నదట’ అనే గుసగుస పెళ్లిచూపులలో మళ్లీ తలయెత్తదా? అదే నా భయం. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ క్రిమిని కనుగొని, ఇది వంశపారంపర్యమనే నాటి నమ్మకాన్ని త్రోసిపుచ్చాడు. ఆ సత్యం నేటికీ చెక్కుచెదరలేదు. గడియ వదులైనంత మాత్రాన దొంగతనం జరగదు. క్రిమి సోకనిదే రోగం లేదు. సోకినా మందులతో నయమవుతుంది.

చట్టం చెరిపిన మచ్చను జన్యువు పేరిట మనమే తిరిగి దిద్దరాదు.