ఉక్కు గోళీ... ఇంటిల్లిపాదికీ ఆట!

పాత పిన్‌బాల్ మిషను ఒకటి ఇంటికొచ్చిందంటే, అమెరికాలో కొన్ని కుటుంబాలకు నెలల తరబడి శని, ఆదివారాలు ఇట్టే గడిచిపోతాయి. ఆడుకోవడానికి కాదు... ముందు బాగుచేసుకోవడానికి!

మేకులు కొట్టిన వాలు చెక్క మీద గోళీని వదిలే బాగటెల్ బోర్డు మన పెద్దవాళ్లలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పిన్‌బాల్ ఆ వంశంలోదే. అద్దం కింద ఏటవాలు బల్ల, స్ప్రింగు తన్నితే దూసుకెళ్లే ఉక్కు గోళీ, తగిలిన చోటల్లా పాయింట్లు. కిందికి జారే గోళీని తిరిగి పైకి కొట్టే రెక్కలు, అదే ఫ్లిప్పర్లు, 1947లో షికాగోలోని గాట్లీబ్ కంపెనీ తెచ్చిన 'హంప్టీ డంప్టీ'తో మొదలయ్యాయి. అంతకుముందు ఆటలో అదృష్టానిదే పైచేయి. అందుకే 1942లో న్యూయార్క్ మేయర్ లా గార్డియా దీన్ని జూదమంటూ నిషేధించి, మిషన్లను సమ్మెటలతో పగలగొట్టించారు. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు నగర పెద్దల ఎదుట ఆడి, గోళీ ఎటు పోతుందో ముందే చెప్పి మరీ కొట్టి చూపించాకే ఆ నిషేధం పోయింది.

1970ల మధ్యదాకా వచ్చిన మిషన్లలో చిప్ అన్నదే దాదాపుగా ఉండదు. గోళీ తగలగానే రేకు స్విచ్చి కలుస్తుంది. కాయిల్ అయస్కాంతమై లోపలి కడ్డీని లాగుతుంది. అంకెల చక్రం ఒక్క గడి తిరుగుతుంది, గంట టంగుమంటుంది. అంతా కంటికి కనిపించేదే! దుప్పటంత సర్క్యూట్ పటం నేలమీద పరిచి కూతురు వైరు రంగు చదువుతుంటే, తండ్రి టార్చిలైటుతో దాన్ని వెతకడం... ఇదీ అక్కడి వరస.

ఏళ్లతరబడి మూలన పడున్న మిషన్లో జబ్బులు చాలావరకు మామూలువే. స్విచ్చి రేకుల మధ్య మురికి చేరుతుంది, రబ్బరు రింగులు పెళుసెక్కుతాయి, పాత గ్రీజు బంకలా బిగుసుకుంటుంది. రేకుల మధ్య దళసరి కాగితం ముక్క పెట్టి లాగితే సగం స్విచ్చులు దారికొస్తాయి. రింగులు, కాయిళ్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. గట్టిగా తిరగనిదానికల్లా నూనె పోస్తే మాత్రం కొంప మునుగుతుంది. కాయిల్ గొట్టంలో నూనె పడితే దుమ్ము పేరుకుని కడ్డీ ఇరుక్కుంటుంది. కరెంటు ఆగకుండా పారి కాయిల్ మాడుతుంది కూడా. ప్లగ్గు పీకకుండా లోపల చెయ్యి పెట్టకూడదు. ఫ్యూజు పోతే పెద్దది వేసి సరిపెట్టకూడదు. రెండు పిన్నుల పాత తీగ ఉంటే ఎర్తున్న తీగ వేయించాల్సిందే.

అన్నీ కుదిరి మొదటి గంట మోగిన రోజు ఇంట్లో పండగే. ఇక వంతులు, పంతాలు! గోళీ పక్కకు పోతోందని మిషన్ని గట్టిగా కుదిపారో... లోపల వేలాడే చిన్న లోలకం చుట్టూ ఉన్న రింగును తాకుతుంది, 'టిల్ట్' దీపం వెలుగుతుంది, వంతు గోవిందా. ఆ లోలకాన్ని కాస్త పైకో కిందికో జరిపితే ఎంత కుదుపు చెల్లుతుందో మారిపోతుంది. పిల్లలు ఆడేటప్పుడు ఓ లెక్క, నాన్న ఆడేటప్పుడు ఓ లెక్క అన్నమాట!