నూతి గట్టు మీద ఓనమాలు

ఉత్తరాంధ్ర పల్లెలో పుట్టిన బిడ్డ అక్షరం కంటే చాలా ముందే నీటిని చదువుతుంది. ఏ నుయ్యి ఎవరిది, ఏ కుళాయి దగ్గర ఎవరి బిందె ముందు, ఎవరి కడవ వెనుక, గెడ్డలో ఏ రేవున ఎవరు దిగాలి, ఏ గుమ్మంలో దాహమని అడిగితే చెంబు ఇస్తారు, ఏ గుమ్మంలో దోసిలి పట్టమంటారు అన్నవన్నీ అయిదారేళ్లు వచ్చేసరికే ఆ బిడ్డకు కంఠస్థమవుతాయి. ఈ పాఠం ఏ వాచకంలోనూ లేదు, దీన్ని చెప్పడానికి ఏ ఉపాధ్యాయుణ్ణీ నియమించలేదు. అయినా ఇది అందరికీ వచ్చిన పాఠమే. కులం నేర్పే తొలి వాచకం నీరే అయినప్పుడు, బడి నేర్పే తొలి వాచకం కూడా నీటితోనే ఎందుకు మొదలు కాకూడదు?

ఈ ప్రశ్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు సంబంధించి మరింత సమంజసమైనది. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం కాగా, శ్రీకాకుళం 62 శాతానికి, విజయనగరం 59 శాతానికి అటూ ఇటూగా ఆగిపోయాయి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని ప్రారంభిస్తూ, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తి చేసే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. కానీ ఇంట్లో పుస్తకమన్నదే లేని దళిత, ఆదివాసీ, మత్స్యకార కుటుంబాల పిల్లలకు బడిలో కనిపించే అక్షరం తమ బతుకులో దేనికీ అంటుకోని ఒక గీతగా మిగిలిపోతున్నది. దాన్ని చూసి దించగలుగుతారు, పలకగలుగుతారు, కానీ దానితో ఏం చేయాలో తెలియదు. చదవడమంటే అర్థం పట్టుకోవడమన్న సంగతి వారికి చేరేలోపే నాలుగో తరగతి వచ్చేస్తుంది.

నీటి మాటలతో మొదలుపెడితే ఏమవుతుందో చూద్దాం. కడవ, పడవ, వరద, వల, అల. ఈ అయిదు మాటల్లో ఒక్క గుణింతపు గుర్తు లేదు, ఒక్క ఒత్తు లేదు. కడవ ప్రతి ఇంటిదీ, వల భావనపాడు తీరంలోని మత్స్యకారుడిది, వరద వంశధార, నాగావళి ఒడ్డున ఉన్న ప్రతి ఊరిదీ. ఈ అయిదు మాటల్లో ఉన్నవి ఎనిమిది అక్షరాలే: అ, క, డ, ద, ప, ర, ల, వ. వాటిని విడదీసి మళ్లీ కలిపితే కల వస్తుంది, పడక వస్తుంది, కలప వస్తుంది, అలక వస్తుంది, చివరకు పలక కూడా వస్తుంది. ఎవరూ చెప్పని మాటను తానే చదవగలిగిన క్షణంలో బిడ్డకు లిపి రహస్యం తెలిసిపోతుంది. తరవాత నీరు, చెరువు, బావి, ఊట, మడుగు అంటూ గుణింతాల్లోకి, గట్టు, గెడ్డ, నుయ్యి అంటూ ఒత్తుల్లోకి వెళ్లవచ్చు. వర్ణమాల వరస తప్పుతుందన్న భయం అక్కరలేదు. అక్షరాలన్నీ పరిచయమయ్యాక వరస నేర్పడం తేలిక. పరిచయం లేని అక్షరాలను వరసలో వల్లె వేయించడమే కష్టం.

ఇక్కడ గెడ్డ, నుయ్యి అన్న మాటలను ఉద్దేశపూర్వకంగానే వాడుతున్నాను. ఈ ప్రాంతపు బిడ్డ నోట ఉన్నవి ఆ మాటలే. వాచకం వాగు అంటుంది, బావి అంటుంది. తన ఇంటి మాట తప్పు మాట అని బిడ్డకు మొదటిసారి తెలిసేది ఆ పేజీలోనే. ఈ అవమానాన్ని గుర్తించినవాడు ఈ నేలమీదే పుట్టాడు. శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నాడు, సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు పెట్టించాడు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. వ్యావహారిక భాషా ఉద్యమకారుడిగా ఆయనకు దండ వేస్తాం గానీ, సవర గూడలోని బిడ్డకు తొలి అక్షరం తన భాషలోనే అందాలన్న ఆయన ఆచరణను మాత్రం సభా వేదిక మీదే వదిలేసి వస్తాం.

తెలిసిన మాట నుంచి అక్షరానికి వెళ్లే పద్ధతి కొత్తదేమీ కాదు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా యాష్టన్-వార్నర్ ఇంగ్లీషు వాచకాన్ని పక్కనబెట్టి, ఏ మాట కావాలో పిల్లలనే అడిగి, ఆ మాటను అట్టముక్క మీద రాసి వారి చేతికిచ్చేది. బ్రెజిల్‌లోని ఆంజికోస్‌లో 1963లో పాలో ఫ్రెయిరె సుమారు 300 మంది శ్రామికులకు, వారి పనిలోంచీ బతుకులోంచీ ఎంచిన కొద్దిపాటి మాటలతో, దాదాపు 40 గంటల్లో చదవడం నేర్పించాడు. మరుసటి ఏడాది సైనిక ప్రభుత్వం ఆయన్ను ఖైదు చేసింది. మాటలను చదవడం నేర్చినవాడు లోకాన్ని కూడా చదువుతాడన్న సంగతి పాలకులకు త్వరగానే అర్థమవుతుంది. మన నెల్లూరు జిల్లా అనుభవం కూడా అదే. 1990 దశకం తొలి నాళ్లలో అక్షరాస్యతా ఉద్యమ వాచకంలోని సారా పాఠం దూబగుంట మహిళలను సారా దుకాణం మూయించేదాకా నడిపింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాచకంలో ఏ మాట పెట్టాలన్నది రాజకీయ నిర్ణయమని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

నీరు మాటగా మాత్రమే కాక, పరిశీలనకు వస్తువుగా కూడా తరగతి గదిలోకి రావాలి. ఒకటో తరగతి బిడ్డ మూడు గాజు సీసాల్లో చెరువు నీరు, బోరు నీరు, కుళాయి నీరు పక్కపక్కన చూసి, ఒక్కో సీసా మీద దాని పేరు అంటించగలదు. రెండో తరగతి బిడ్డ తాడుకు ముడులు వేసి, పెద్దల తోడుతో, నూతిలో నీరు నెలనెలా ఎన్ని ముడులు దిగిందో రాయగలదు. మూడో తరగతి బిడ్డ తన ఇంటికి రోజుకు ఎన్ని బిందెలు వస్తున్నాయో, ఎవరు తెస్తున్నారో, ఎంత దూరం నుంచో నాలుగు వాక్యాల్లో రాయగలదు. జలజీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. పదిహేను లీటర్ల బిందె అనుకుంటే నలుగురున్న ఇంటికి దాదాపు పదిహేను బిందెలు. ఈ లెక్క వేయగలిగిన బిడ్డకు గుణకారమూ వచ్చినట్లే, తనకు రావలసినదేమిటో తెలిసినట్లే. ఆ వాక్యాలు వాడలోని పెద్దలకు చదివి వినిపిస్తే, రాయడమనేది మార్కుల కోసం చేసే పని కాదని, ఎవరికో చెప్పడానికి చేసే పని అని బోధపడుతుంది.

కులం మాటెత్తకుండా ఈ పని చేయబోతే అది అబద్ధమవుతుంది. పిల్లలు గీసే నీటి పటంలో రెల్లి వీధి, మాలపేట, మాదిగపేట, సవర గూడ లేకపోతే అది ఊరి పటం కాదు. బిందెల లెక్క నిజాయితీగా వేస్తే ఏ వీధికి ఎక్కువ, ఏ వీధికి తక్కువ అన్నది తరగతి గది గోడ మీదే కనిపిస్తుంది. అంబేడ్కర్ తన బాల్యం గురించి చెబుతూ, బడి ప్యూను వచ్చి కుళాయి తిప్పితే తప్ప తన దాహం తీరేది కాదని గుర్తు చేసుకున్నాడు. ఆయన 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీటిని వేలాది మందితో కలిసి తాగడం వెనుక ఆ బడి కుళాయి కూడా ఉంది. రాజ్యాంగం 15వ అధికరణ బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు ప్రత్యేకంగా ఎత్తి మరీ వివక్షను నిషేధించడానికి కారణం అదే.

నిషేధం కాగితం మీద మిగిలిన చోట ఏం జరిగిందో మనకు తెలుసు. 1985 జూలైలో కారంచేడులో మాదిగపల్లె తాగే చెరువు నీటిని పాడుచేయడాన్ని ప్రశ్నించినందుకు మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. మన దగ్గరికి వస్తే, 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితులు హతులయ్యారు. మడ్డువలస జలాశయం కోసం సేకరించిన భూమిలో మిగిలిన చెక్కను సాగు చేసుకోవడమే వారి నేరం. జలాశయంలో నిలిచిన నీరు ఎవరి పొలానికి పోతుంది, దాని అంచున మిగిలిన నేల ఎవరికి దక్కుతుంది అన్న ప్రశ్న ఈ జిల్లాలలో రక్తంతో రాసిన ప్రశ్న. దాన్ని ఆరేళ్ల బిడ్డ ముందు పెట్టమని ఎవరూ అనరు. కానీ ఆ బిడ్డ పదహారేళ్ల వయసులో ఆ ప్రశ్నను చదవగలగాలంటే ఆరేళ్ల వయసులో మొదలుపెట్టవలసిన చదువు ఒకటుంది.

దీనికి దళిత తల్లిదండ్రుల నుంచే బలమైన అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ‘మా పిల్లలకేమో కడవా చెరువూ, ఊళ్లో పెద్దల పిల్లలకేమో కంప్యూటరూ ఇంగ్లీషూనా?’ అన్నది ఆ ప్రశ్న. దీని వెనుక చరిత్ర ఉంది. 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన చేతిపని విద్య ఎవరి పిల్లలను ఎవరి పనికి కట్టేస్తుందన్న అనుమానం అప్పుడే వచ్చింది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒంటిపూట బడి పెట్టి, మిగిలిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నప్పుడు పెరియార్ దాన్ని కులవిద్య అన్నారు. మరుసటి ఏడాది రాజాజీ గద్దె దిగారు, పథకం రద్దయింది. ఆ పోరాటం సరైనదే. అందుకే నీటి పాఠానికి, కులవిద్యకు మధ్య గీత స్పష్టంగా ఉండాలి. నీరు మోయడం నేర్పేది కులం. నీటిని కొలవడం, పరీక్షించడం, దాని గురించి రాయడం, దానిమీద ప్రశ్న వేయడం నేర్పేదే బడి.

ఆ గీత చెరిగిపోకుండా కొన్ని షరతులు తప్పవు. బడిలో నీళ్లు తేవడం, కుండ కడగడం, మరుగుదొడ్డి శుభ్రం చేయడం ఏ కులం పిల్లలకూ పాఠం పేరుతో అప్పగించకూడదు. పరిశీలనకు వెళ్లే జట్టు ఏ ఒక్క వాడ జట్టూ కాకూడదు. మాలపేట బోరు నీటిని పైకులపు బిడ్డ కూడా సీసాలో పట్టాలి, ఊరి నడిబొడ్డు నూతి లోతును మాదిగ బిడ్డ కూడా కొలవాలి. ఆ రోజు నూతి దగ్గర ఎవరైనా అడ్డుకుంటే, అది ఉపాధ్యాయుడు సర్దిచెప్పి వదిలేయవలసిన విషయం కాదు, చట్టప్రకారం నేరమని ఊరికి చెప్పవలసిన విషయం. మూడో తరగతి ముగిసేసరికి ఆ బిడ్డ తెలుగు వాచకాన్నీ ఇంగ్లీషు వాచకాన్నీ ఇతరులతో సమానంగా చదవగలగాలి. అలా చదవలేకపోతే ఈ పద్ధతి ఓడిపోయినట్లే.

ఈ చదువు అవసరం ఎంతటిదో ఉద్దానాన్ని అడిగితే తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి కుటుంబాలను కూలదోస్తున్నది. నీరు, వేడి, రసాయనాలు వంటి కారణాలలో దేని పాత్ర ఎంతో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి రక్షిత నీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఉద్దానంలో బడి మొహం చూడని కూలీ నోట కూడా క్రియాటినిన్ అన్న మాట వినిపిస్తుంది. కానీ కాగితం మీద ఆ మాట పక్కనున్న అంకె ఏం చెబుతున్నదో చదివి పెట్టడానికి మరొకరు కావాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు మరణించినప్పుడు, ఎందరు పోయారన్న లెక్క మీదే వాదన నడిచింది. పేదల నీటికే కాదు, పేదల చావుకూ లెక్క ఎవరో రాస్తే వారు వినవలసి వస్తున్నది.

లెక్క ప్రజలే రాసిన చోట కథ వేరుగా ఉంటుంది. అమెరికాలో నల్లజాతీయులు అధికంగా ఉన్న ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చాక కుళాయిల్లో సీసం వచ్చింది. అధికారులు నీరు బాగుందన్నారు. 2015లో పౌరులే ఇంటింటా నమూనాలు పట్టి, విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల చేత పరీక్షింపజేసి నిజం బయటపెట్టారు. ఆ పనికి కావలసిన సరంజామా మనకు కొంత ఇప్పటికే ఉంది. ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని జలజీవన్ మిషన్ నిబంధన. మలినం కలిసిన నీరు ఒకటి రెండు రోజుల్లో నల్లబడే చవకైన సీసా పరీక్షను మన దేశ శాస్త్రజ్ఞులు 1982లోనే ప్రకటించారు. ఆ మహిళలు పరీక్ష చేస్తారు, ఫలితం బడి గోడ మీద పిల్లల చేతిరాతలో కనబడుతుంది. ఏ వీధి, ఏ తేదీ, నల్లబడిందా లేదా అన్న మూడు గడులు రెండో తరగతి బిడ్డ నింపగలిగినవే. సవర గూడల్లో ఆ పట్టిక తెలుగుతో పాటు సవరలోనూ ఉండాలి.

ప్రభుత్వం చేయవలసింది పెద్ద పథకమేమీ కాదు. తొలి మూడు తరగతుల వాచకాల్లో స్థానిక నీటి మాటలకు చోటివ్వాలి, ఉపాధ్యాయ శిక్షణలో దీన్ని చేర్చాలి, బడి గోడ మీది నీటి పట్టికను గ్రామసభ ముందు చదివే బాధ్యత పంచాయతీకి అప్పగించాలి. ఓనమాలు అన్న మాటే ఓం నమః శివాయ నుంచి పుట్టింది. ఆ నమస్కారం చేసే అర్హత మనలో అత్యధికులకు తరతరాలుగా నిరాకరించారు. ఇప్పుడు బడి తలుపు తెరిచే ఉంది, కానీ లోపలికి వచ్చిన బిడ్డకు పలక మీద తన ఊరు కనిపించాలి. రెల్లి వీధి బిడ్డ తన వీధి కుళాయి పక్కన తన చేత్తో ‘నల్లబడింది’ అని రాసి, గ్రామసభలో లేచి చదివిన రోజున, దానికి సమాధానం చెప్పవలసిన వారు ఆ సభలో కూర్చునే ఉంటారు.