రంగును పట్టి ఉప్పును వదిలే తెర

నూలు చీరకు రంగు పట్టాలంటే ఉప్పు కావాలని గృహిణుల్లో ఎందరికి తెలుసో కాని, అద్దకం వారికి మాత్రం బాగా తెలుసు. నీళ్ళలో నూలుపోగుకూ రంగుకూ కూడా ఋణవిద్యుత్తే. అందుకని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు మధ్యవర్తిగా వచ్చి తగవు తీరుస్తుంది. లీటరు నీటికి 50 గ్రాములు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువే. తగవు తీరాక మధ్యవర్తికి ఇంట్లో చోటుండదు కదా! బట్టకు అంటని రంగుతో కలిసి ఆ ఉప్పంతా కాలువ పాలవుతుంది.

తిరుప్పూరులో జరిగింది ఇదే. నొయ్యల్ నదిమీద రైతుల కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో అద్దకపు నీరు నిలిచి, సేద్యానికి పనికిరాకుండా పోయింది. రైతులు కోర్టు కెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం కార్ఖానాలను మూయించింది. చుక్క కూడా బయటికి వదలని ఏర్పాట్లు చేసుకున్నాక గాని అవి తెరుచుకోలేదు.

ఆ ఏర్పాటులోనే ఉంది చిక్కంతా. రివర్స్ ఆస్మాసిస్ తెర ఉప్పునూ రంగునూ కలిపి ఆపేస్తుంది. మిగిలిన ముద్దనీటిని బోలెడు ఖర్చు పెట్టి ఇగరబెడితే వచ్చేది రంగు కలిసిన ఉప్పు. ఎవరికీ అక్కరకు రాదు. ఉప్పునీటిని విడిగా రానిస్తే దానితోనే మళ్ళీ అద్దకం చేసుకోవచ్చు.

పాలనూ నీళ్ళనూ వేరుచేసే హంసను గురించి ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. రసాయన శాస్త్రజ్ఞులు వెతికే హంస పేరు హైడ్రోజెల్ తెర. నానిన సబ్జా గింజ చుట్టూ ఉబ్బే జిగురును చూశారుగా, అదీ హైడ్రోజెల్లే. నీళ్ళు పీల్చుకున్న వల. ఉప్పు అణుభారం 58. అద్దకపు రంగుల్లో చాలావాటిది 1000కి అటూ ఇటూ. గుడ్డు తెల్లసొనలోని ముఖ్యమైన ప్రోటీనుది 45,000. వల కన్ను సరిగ్గా కుదిరితే ఉప్పు జారిపోతుంది, తక్కినవి ఆగుతాయి. పైగా దాని ఒళ్ళంతా నీరే కనుక, మామూలు ప్లాస్టిక్ తెరకు పట్టినంత తొందరగా ప్రోటీను దానికి అంటుకోదు.

అయితే సముద్రపు నాచునుంచి తీసే ఆల్జినేట్ సంగతి చూడండి. దాని పోగులను కాల్షియం ముడివేసి పట్టుకుంటుంది. ఉప్పునీరు తగిలేసరికి సోడియం వచ్చి కాల్షియం చోటు ఆక్రమిస్తుంది. ముడులు వదులవుతాయి, రంగు తప్పించుకుంటుంది. ఎవరికి దారి ఇద్దామనుకున్నామో వాడే గోడ పడగొట్టాడన్నమాట! పోనీ, ముడులు మరీ బిగిద్దామంటే నీరు దిగదు. అందుకే ఇప్పుడు సోడియానికి లొంగని బంధాలు వేసి, జెల్ పొరను అతి పలుచగా గట్టి ఆధారంమీద పరుస్తున్నారు. పొర పలుచనైన కొద్దీ నీరు త్వరగా దిగుతుంది.

ప్రయోగశాలలో పోసేది శుభ్రమైన రంగునీరు. కార్ఖానా నీటిలో సబ్బూ, గంజీ, నూలు పీచూ కూడా ఉంటాయి. వాటి మధ్య ఆ పలుచని పొర ఎన్ని నెలలు నిలుస్తుందన్నదే అద్దకం యజమాని అడిగే మొదటి ప్రశ్న.